కంపైల్ అయింది కానీ రన్ కావట్లే: షేర్డ్ లైబ్రరీల గొడవని మొదట్లనే పట్టుకునేదెట్ల

మా చిన్నమ్మ కొడుకు అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నడు. మొన్న రాత్రి పదకొండు దాటినంక ఫోన్ చేసిండు, అన్నా ప్రోగ్రామ్ మంచిగ కంపైల్ అయింది, ఒక్క వార్నింగ్ కూడ రాలే, రన్ చేస్తే మాత్రం లైబ్రరీ దొరకట్లేదు అంటది, ఫైల్ ఏమో నా కళ్ళ ముందే ఉంది అని. స్క్రీన్ చూపియ్యమన్న. నిజంగనే ఫైల్ ఉంది. లైబ్రరీని సోర్స్ నుంచి తనే బిల్డ్ చేసి మేక్ ఇన్‌స్టాల్ కొట్టిండు, అది పోయి /యూఎస్ఆర్/లోకల్/లిబ్ లో కూసుంది. సుడో ఎల్‌డీకాన్ఫిగ్ అని ఒక్క కమాండ్ కొట్టమన్న, కొట్టిండు, ప్రోగ్రామ్ నడిచింది. కానీ దానికి ముందు వాడు సాయంత్రం ఆరు నుంచి కుస్తీ పడుతున్నడు, ఎవరో చెప్పిన్రని లైబ్రరీని మూడుసార్లు తీసేసి మళ్ళ వేసిండు, ఆఖరికి ఉబుంటునే మళ్ళ ఎక్కిద్దామా అనే దాకా పోయిండు. ఇట్లాంటి ఫోన్లు నాకు నెలకి ఒకటన్న వస్తయి, అందరి తిప్పలూ ఒకటే, అందుకే ఒక్కసారి మొత్తం రాసి పెడ్తున్నా. వాడికి ఫోన్‌లో చెప్పినట్టే కమాండ్లు పలికినట్టు రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు స్మాల్ ఎల్ ఎక్కడో క్యాపిటల్ ఎల్ ఎక్కడో చూస్కోండి, అక్కడనే చాలామంది దెబ్బ తింటరు. ఇదంతా లైనక్స్ సంగతి, విండోస్‌లో పద్ధతి వేరు.

షేర్డ్ లైబ్రరీ అంటే చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే, విడి ఫైల్‌లో ఉండే కోడ్. ముందు ఒక్క విషయం గట్టిగ పట్టుకోండి, ఈ లైబ్రరీని వెతికేటోళ్ళు ఇద్దరు. బిల్డ్ టైమ్‌లో, అంటే కోడ్‌ని ప్రోగ్రామ్ ఫైల్‌గ తయారు చేసేటప్పుడు, వెతికేది లింకర్, దాని పేరు ఎల్‌డీ. రన్ టైమ్‌లో వెతికేది లోడర్, దాని పేరు ఎల్‌డీ డాట్ ఎస్ఓ. పేర్లు దగ్గరదగ్గరగ ఉన్నయని ఇద్దరూ ఒకటే అనుకుంటం, కాదు. ఇద్దరు వెతికే దారులు వేరు, ఒకరికి దొరికిన చోటు ఇంకొకరికి తెల్వదు.

పెళ్ళిలో వంట మేస్త్రి సామాన్ల చీటీ రాసిస్తడు కదా. ఆయన తన ఇంటి పక్క దుకాణంలో సరుకు ఉందా లేదా అని చూసుకునే రాస్తడు, కానీ చీటీలో సరుకు పేరు మాత్రమే ఉంటది, దుకాణం అడ్రస్ ఉండదు. పెళ్ళి నాడు ఆ చీటీ పట్టుకొని బేగంబజార్ పోయేది మీ బామ్మర్ది, ఆయనకి తెలిసిన దుకాణాలల్లనే అడుగుతడు, అక్కడ లేకపోతే లేదనే చెప్తడు. లింకర్ మేస్త్రి, లోడర్ బామ్మర్ది. మీ ప్రోగ్రామ్ ఫైల్ లోపల నిజంగనే ఇట్లాంటి చీటీ ఒకటి ఉంటది, దాంట్లో ఒక్కో లైబ్రరీకి నీడెడ్ అని ఒక్కో లైన్. మీరు చూడొచ్చు కూడ, రీడ్‌ఎల్ఫ్ మైనస్ డీ అని కొట్టి పక్కన ప్రోగ్రామ్ పేరు ఇస్తే చాలు. మా తమ్ముడిది కర్ల్ (నెట్ నుంచి డేటా తెచ్చే లైబ్రరీ) వాడే చిన్న ప్రోగ్రామ్, దాంట్లో లిబ్‌కర్ల్.ఎస్ఓ.4 అని ఒకటి, లిబ్‌సీ.ఎస్ఓ.6 అని ఒకటి, రెండే లైన్లు. ఏ ఫోల్డర్‌లో ఉన్నయో ఒక్క ముక్క లేదు.

కాబట్టి ఎర్రర్ రాంగనే గూగుల్‌కి పోకుండ, మొర పెట్టుకుంటున్నది ఎవరో చూడండి. హెడర్ ఫైల్ (లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నయో చెప్పే ఫైల్) దొరకలే అని ఫేటల్ ఎర్రర్ వచ్చిందంటే అది కంపైలర్, ఇంకా లింకింగ్ దాకనే రాలే. కెనాట్ ఫైండ్ అని గాని అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు అని గాని వస్తే లింకర్. ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్ అని వస్తే లోడర్. సింబల్ లుకప్ ఎర్రర్ అన్నా లోడరే, కానీ దాని అర్థం లైబ్రరీ దొరికింది, వెర్షన్ మాత్రం మీరనుకున్నది కాదు అని.

లింకర్ సంగతి ముందు చూద్దాం. మైనస్ స్మాల్ ఎల్ పక్కన కర్ల్ అని రాస్తే లింకర్ దానికి ముందు లిబ్ తగిలించి, వెనక డాట్ ఎస్ఓ తగిలించి ఆ పేరుతోటి ఫైల్ వెతుకుతది, అది దొరక్కపోతే డాట్ ఏ, అంటే ప్రోగ్రామ్ ఫైల్‌లోనే కలిసిపోయే స్టాటిక్ లైబ్రరీ. మైనస్ క్యాపిటల్ ఎల్ పక్కన ఫోల్డర్ రాస్తే అక్కడ గూడ చూడు అని చెప్పినట్టు. ఈ క్యాపిటల్ ఎల్ మేస్త్రికి దుకాణం చూపించుడు మాత్రమే, చీటీలోకి ఎక్కదు. ఫైల్ ఉంది, క్యాపిటల్ ఎల్ ఇచ్చినం, కంపైల్ అయింది, మరి రన్ ఎందుకు కాదు అని అడిగేటోళ్ళందరికీ జవాబు ఇదే.

కెనాట్ ఫైండ్ వచ్చిందంటే పదిలో తొమ్మిదిసార్లు డెవ్ ప్యాకేజీ లేకపోవుడే కారణం. ఉబుంటులో, డెబియన్‌లో ఒక లైబ్రరీని రెండు ముక్కలు చేసి ఇస్తరు, రన్ చేయనీకి కావాల్సింది ఒక ప్యాకేజీ, బిల్డ్ చేయనీకి కావాల్సింది ఇంకోటి, దాని పేరు చివర్ల డెవ్ అని ఉంటది. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వైపు డెవెల్ అంటరు. లైబ్రరీ ఇన్‌స్టాల్ అయ్యే ఉంది కదా అని చూపిస్తరు గాని ఉన్నది మొదటి ముక్కే.

ఈ రెండు ముక్కలు ఎందుకో తెలవాలంటే పేర్ల సంగతి తెలవాలె, ఇక్కడ కొంచెం నిదానంగ చదవండి, మిగతాదంతా దీని మీదనే నిలబడ్డది. ఒక షేర్డ్ లైబ్రరీకి మూడు పేర్లు ఉంటయి. అసలు ఫైల్ పేరు పొడుగ్గ ఉంటది, లిబ్‌కర్ల్.ఎస్ఓ.4 తర్వాత ఇంకా రెండు చుక్కలు, రెండు అంకెలు. రెండోది లిబ్‌కర్ల్.ఎస్ఓ.4, దీన్ని ఎస్ఓ నేమ్ అంటరు. మూడోది ఒట్టి లిబ్‌కర్ల్.ఎస్ఓ, అంకె లేనిది. రెండోది, మూడోది మామూలుగ సింబాలిక్ లింకులే, మొదటి దాన్ని చూపిస్తయి. అంకె లేనిది లింకర్ కోసం, డెవ్ ప్యాకేజీలో వస్తది. అంకె ఉన్నది లోడర్ కోసం, రన్‌టైమ్ ప్యాకేజీలో వస్తది. లింకర్ అంకె లేని పేరుతోటి ఫైల్ పట్టుకొని, లోపల తెరిచి చూసి, అందులో రాసి ఉన్న ఎస్ఓ నేమ్‌ని తీసి మీ చీటీలో రాస్తది. అంటే మీరు కర్ల్ అని అడిగిన్రు, చీటీలో మాత్రం కర్ల్ 4 అని పడ్డది. ఆ 4 ఉత్త అంకె కాదు, లైబ్రరీ రాసినోళ్ళు ఇచ్చే మాట, ఈ అంకె మారనంత కాలం పాత ప్రోగ్రామ్‌లు చెడిపోవు అని.

అందుకే ఆ అంకెని మోసం చేయొద్దు. ఉబుంటు 22.04 నుంచి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీది 3 వెర్షన్ వచ్చింది, 1.1 తీసేసిన్రు, పాత ప్రోగ్రామ్‌లు లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 లేదని ఏడ్చుడు మొదలుపెట్టినయి. అప్పుడు చానామంది చేసిన పని ఏందంటే 1.1 పేరుతోటి ఒక సింబాలిక్ లింక్ చేసి 3 వైపు చూపించుడు. అది పని చేయదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ తన ఫంక్షన్ల మీద వెర్షన్ ముద్ర కూడ కొడ్తది, కాబట్టి ఫైల్ దొరికినా ఆ వెర్షన్ దొరకలే అని లోడర్ అక్కడనే ఆపేస్తది. ఆపుడే మంచిది కూడ, ముద్ర లేని లైబ్రరీ అయితే అప్పటికి నడిచినట్టే నడిచి తర్వాత డేటా పాడు చేస్తది, అది ఇంకా పెద్ద తలనొప్పి. సరైన దారి ప్రోగ్రామ్‌ని కొత్త లైబ్రరీ మీద మళ్ళ బిల్డ్ చేసుకునుడే, సోర్స్ లేకపోతే పాత లైబ్రరీని ఆ ఒక్క ప్రోగ్రామ్ పక్కన పెట్టుకునుడే.

మీరే లైబ్రరీ రాస్తుంటే మైనస్ షేర్డ్, మైనస్ ఎఫ్‌పిక్ తోటి పాటు ఎస్ఓ నేమ్ కూడ పెట్టండి, జీసీసీ కంపైలర్‌కి మైనస్ క్యాపిటల్ డబ్ల్యూ స్మాల్ ఎల్ కామా మైనస్ సోనేమ్ కామా అని చెప్పి పేరు ఇయ్యాలె. ఇయ్యకపోతే చీటీలో అంకె లేని పేరు పడ్తది, రేపు మీరు ఫంక్షన్ మార్చిన్రంటే పాత ప్రోగ్రామ్‌లకి తెలిసే దారే లేదు.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ వచ్చిందంటే రెండు చోట్ల చూడండి. ఒకటి, లైబ్రరీ పేరు ఇచ్చిన్రా లేదా. రెండు, ఎక్కడ ఇచ్చిన్రు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంట పోతది, అందుకే లైబ్రరీ పేర్లు ఎప్పుడూ మీ డాట్ సీ, డాట్ ఓ ఫైళ్ళ తర్వాతే రావాలె. ఉబుంటులో ఇది ఇంకా గట్టిగ కావాలె, ఎందుకంటే అక్కడ యాజ్ నీడెడ్ అనే ఆప్షన్ డీఫాల్ట్‌గా ఆన్ చేసి ఉంటది, అప్పటిదాకా ఎవరూ అడగని లైబ్రరీని లింకర్ పక్కకి నెట్టేస్తది. మైనస్ ఎల్ఎమ్‌ని (లెక్కల లైబ్రరీ) ముందు పెట్టి మెయిన్.సీ ని తర్వాత పెడితే స్క్వేర్ రూట్ ఫంక్షన్ దొరకలే అంటది, అటుదిటు మారిస్తే సైలెంట్‌గా అయిపోతది. మేక్‌ఫైల్‌లో అయితే లైబ్రరీలని ఎల్‌డీ‌ఫ్లాగ్స్‌లో కాకుండ ఎల్‌డీ‌లిబ్స్‌లో పెట్టండి, మేక్ తనంతట తానే చివర్ల పెడ్తది.

ఇంకోటి వస్తది, డీఎస్ఓ మిస్సింగ్ ఫ్రమ్ కమాండ్ లైన్ అని, డీఎస్ఓ అంటే షేర్డ్ లైబ్రరీయే. మీ ప్రోగ్రామ్ ఏ అనే లైబ్రరీకి లింక్ అయింది, ఏ లోపల బీ ని వాడుకుంటది, మీరు బీ ఫంక్షన్‌ని నేరుగ పిలుస్తున్రు గాని బీ పేరు ఎక్కడా ఇయ్యలే. ఏ ఎట్లాగూ తెస్తది కదా అనుకోవద్దు. రూల్ సింపుల్, నువ్వు నేరుగ పిలిచేదాన్ని నువ్వే అడగాలె, నువ్వు పిలవని దాన్ని అడగొద్దు. రేపు ఏ వాళ్ళు బీ ని మానేస్తే మీది కూలిపోతది.

ఈ పేర్లు, ఫోల్డర్లు అన్నీ చేత్తో రాసుడు మానేసి పీకేజీ కాన్ఫిగ్ అనే టూల్ వాడండి. దానికి మైనస్ మైనస్ సీఫ్లాగ్స్, మైనస్ మైనస్ లిబ్స్ అని చెప్పి లిబ్‌కర్ల్ పేరిస్తే హెడర్ ఎక్కడుందో, ఏ ఎల్ పెట్టాల్నో అదే చెప్తది. స్టాటిక్‌గా లింక్ చేస్తుంటే మైనస్ మైనస్ స్టాటిక్ కూడ కలపాలె, ఎందుకంటే స్టాటిక్ లైబ్రరీ లోపల చీటీ ఉండదు, దానికి కావాల్సినయన్నీ మీరే లైన్‌లో పెట్టాలె. సీమేక్ అనే బిల్డ్ టూల్ వాడేటోళ్ళకి ఫైండ్ ప్యాకేజ్ అదే పని చేస్తది.

ఇక లోడర్. ఇది వెతికే వరుస ఇట్ల ఉంటది, ముందు ప్రోగ్రామ్ లోపల ఆర్‌పాత్ అనే పాత పద్ధతి అడ్రస్ ఉంటే అది, తర్వాత ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (టెర్మినల్‌లో పెట్టే సెట్టింగ్), తర్వాత ప్రోగ్రామ్ లోపల రన్‌పాత్ అనే కొత్త పద్ధతి అడ్రస్, తర్వాత /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.క్యాష్ అనే ఫైల్, ఆఖరికి /లిబ్, /యూఎస్ఆర్/లిబ్. రన్‌పాత్ ఉందంటే ఆర్‌పాత్‌ని పట్టించుకోదు.

మా తమ్ముడి దగ్గర జరిగింది ఆ క్యాష్ సంగతి. లోడర్ ప్రతిసారి ఫోల్డర్లన్నీ తిరగదు, ఆ క్యాష్ ఫైల్‌లో చూస్తది, ఆ ఫైల్‌ని రాసేది ఎల్‌డీకాన్ఫిగ్. ఏప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) తోటి ఇన్‌స్టాల్ చేస్తే అదే నడిపిస్తది, మేక్ ఇన్‌స్టాల్ చేస్తే మీరు నడిపియ్యాలె. ఉబుంటులో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఆ లిస్ట్‌లో ముందే ఉంటది కాబట్టి ఒక్క కమాండ్‌తో పని అయిపోయింది. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వైపు ఉండదు, /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్ తోటి ముగిసే ఒక ఫైల్ చేసి అందులో ఫోల్డర్ పేరు ఒక్క లైన్ రాసి అప్పుడు ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టాలె. క్యాష్‌లో ఎక్కిందా లేదా అని ఎల్‌డీకాన్ఫిగ్ మైనస్ పీ తోటి చూస్కోవచ్చు.

ఎల్‌డీ లైబ్రరీ పాత్ గురించి మాత్రం నేను మొహమాటం లేకుండ చెప్తా, టెస్టింగ్‌కి తప్ప వాడొద్దు. ఐదారేళ్ళ కింద మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేస్తుండగ టీమ్ మొత్తానికి ఒకటే బిల్డ్ సర్వర్ ఉండేది, నేను ఒక క్లయింట్ ఇచ్చిన లైబ్రరీల ఫోల్డర్‌ని అందరికీ వర్తించే ప్రొఫైల్ ఫైల్‌లో ఈ వేరియబుల్‌లో పెట్టేసిన, నా ప్రోగ్రామ్ నడిచింది, ఇంటికి పోయిన. ఆ ఫోల్డర్‌లో పాత లిబ్‌కర్ల్ కూడ ఉంది, నేను చూస్కోలే. పొద్దున వచ్చేసరికి ఎవ్వరికీ గిట్ పుల్ (సర్వర్ నుంచి కొత్త కోడ్ తెచ్చుకునుడు) కావట్లే, ఎందుకంటే గిట్ కూడ కర్ల్‌నే వాడ్తది, లోడర్ దానికి కూడ ఆ పాతదే అంటగట్టింది. నెట్‌వర్క్ టీమ్‌ని అడిగినం, పాస్‌వర్డ్‌లు మార్చినం, మధ్యాహ్నం లంచ్ దాకా పన్నెండు మంది ఖాళీగ కూసున్నరు. ఆ వేరియబుల్ మీ ఒక్క ప్రోగ్రామ్‌కి కాదు, ఆ షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపేది) నుంచి పుట్టే ప్రతి ప్రోగ్రామ్‌కి తగుల్తది. వాడాల్సే వస్తే ఎక్స్‌పోర్ట్ చేయకుండ, ప్రోగ్రామ్ పేరుకి ముందు అదే లైన్‌లో రాయండి, ఆ ఒక్కసారికే పని చేస్తది.

ఇంకొక గుంత కూడ ఉంది అక్కడ. పాత విలువ, కోలన్, కొత్త ఫోల్డర్ అని రాస్తం కదా, పాత విలువ ఖాళీగ ఉంటే కోలన్ ముందు ఏం ఉండదు, ఆ ఖాళీని లోడర్ ఇప్పుడున్న ఫోల్డర్ అని అర్థం చేసుకుంటది. అంటే మీరు ఏ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నిలబడితే అక్కడ ఉన్న లైబ్రరీని ఎక్కించేస్తది. సెక్యూరిటీ పరంగ చాలా చెడ్డది.

ప్రోగ్రామ్ తోటి పాటు లైబ్రరీని కూడ ఇయ్యాల్సి వస్తే చీటీ మీద అడ్రస్ రాయండి, అదే రన్‌పాత్. పూర్తి అడ్రస్ రాస్తే మీ మెషీన్‌లో తప్ప నడవదు, అందుకే డాలర్ ఆరిజిన్ అనే మాట వాడండి, ప్రోగ్రామ్ ఎక్కడుంటే అక్కడ అని దాని అర్థం. మైనస్ క్యాపిటల్ డబ్ల్యూ స్మాల్ ఎల్ కామా మైనస్ ఆర్‌పాత్ కామా, ఆ తర్వాత డాలర్ ఆరిజిన్ స్లాష్ లిబ్. దీన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టాలె, ఆరిజిన్ అన్నీ క్యాపిటల్ అక్షరాలే, డబుల్ కోట్స్‌లో పెడితే షెల్ దాన్ని తన వేరియబుల్ అనుకొని మింగేస్తది, ఒట్టి స్లాష్ లిబ్ మిగుల్తది. మేక్‌ఫైల్‌లో అయితే డాలర్ రెండుసార్లు రాయాలె. బిల్డ్ అయినంక రీడ్‌ఎల్ఫ్ మైనస్ డీ కొట్టి డాలర్ అట్లనే ఉందా అని కళ్ళతోటి చూస్కోండి, నేను ఇప్పటికీ ప్రతిసారి చూస్తా. ఒక్కటి గుర్తుంచుకోండి, రన్‌పాత్ మీ ప్రోగ్రామ్ నేరుగ అడిగిన లైబ్రరీలకే వర్తిస్తది, ఆ లైబ్రరీ ఇంకోదాన్ని అడిగితే ఆ లైబ్రరీకి దాని రన్‌పాత్ దానికే ఉండాలె. ఉన్న ఫైల్‌కి తర్వాత పెట్టాలంటే ప్యాచ్‌ఎల్ఫ్ అనే టూల్ ఉంది.

ఏది ఎక్కడి నుంచి వస్తుందో చూడనీకి ఎల్‌డీడీ అందరికీ తెలిసిందే, నాట్ ఫౌండ్ అని ఉన్న లైన్ మీద కన్ను పెట్టండి. కానీ ఎక్కడి నుంచో వచ్చిన నమ్మకం లేని ఫైల్ మీద ఎల్‌డీడీ కొట్టొద్దు, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌ని నిజంగనే నడిపిస్తది, దాని మ్యాన్ పేజీలోనే హెచ్చరిక ఉంది. అట్లాంటి వాటికి ఆబ్జ్‌డంప్ మైనస్ పీ చాలు, చీటీ చదువుతది గాని ఎవ్వరినీ నిద్ర లేపదు. ఎల్‌డీడీ తోటి కూడ అర్థం కాకపోతే ఎల్‌డీ డీబగ్ అనే వేరియబుల్‌కి లిబ్స్ అని ఇచ్చి ప్రోగ్రామ్ నడపండి, బామ్మర్ది ఏ దుకాణంలో అడిగిండు, ఎక్కడ దొరికింది అన్నీ వరుసగ చెప్తది, ట్రైయింగ్ ఫైల్ అని ఒక్కో అడ్రస్. గంటసేపు తల పట్టుకునేది ఒక నిమిషంలో తేలిపోతది.

లింక్ చేసేటప్పుడు మే కాన్‌ఫ్లిక్ట్ విత్ అని వార్నింగ్ వస్తే వదిలెయ్యకండి. ఒకే ప్రోగ్రామ్‌లోకి ఒకే లైబ్రరీవి రెండు వెర్షన్లు, ఉదాహరణకి ఒక దారిల లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1, ఇంకో దారిల 3 వస్తున్నయని అర్థం. రెండూ ఒకే వెర్షన్‌కి తెచ్చుకునేదాకా ముందుకి పోవద్దు.

ఆఖరిది జీలిబ్‌సీ, అన్నిటికీ తల్లి లైబ్రరీ. దీని ఎస్ఓ నేమ్ ఎప్పుడూ లిబ్‌సీ.ఎస్ఓ.6 మాత్రమే, మారదు, లోపల ఫంక్షన్లకి మాత్రం వెర్షన్ ముద్రలుంటయి. పాత మెషీన్‌లో బిల్డ్ చేసింది కొత్తదాంట్లో నడుస్తది, కొత్తదాంట్లో చేసింది పాతదాంట్లో నడుస్తదన్న గ్యారంటీ లేదు. ఉబుంటు 20.04 లో జీలిబ్‌సీ 2.31, 22.04 లో 2.35, 24.04 లో 2.39. 2021 ఆగస్టులో వచ్చిన 2.34 లో పీథ్రెడ్, డీఎల్ లాంటి వేరే లైబ్రరీలని కూడ లిబ్‌సీ లోపలికే కలిపేసిన్రు, ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కి కూడ కొత్త ముద్ర పడ్డది. అందుకే 22.04 లో బిల్డ్ చేసిన ఒట్టి హలో వరల్డ్‌ని కూడ 20.04 కి తీస్కపోతే జీలిబ్‌సీ 2.34 దొరకలే అంటది. కొత్త జీలిబ్‌సీని పాత సర్వర్ మీద బలవంతంగ ఎక్కియ్యొద్దు, ఎల్ఎస్, బ్యాష్ సహా అన్నీ దాని మీదనే నడుస్తయి, తప్పు జరిగితే లాగిన్ కూడ కాలేరు. మీ ప్రోగ్రామ్ నడవాల్సిన సర్వర్లలో అన్నిటికంటే పాతది ఏదో కనుక్కొని, ఆ వెర్షన్ ఉన్న డాకర్ కంటైనర్‌లో (మీ మెషీన్ లోపలే విడిగ ఉండే చిన్న సిస్టమ్ లాంటిది) బిల్డ్ చేయండి.

ఇచ్చే ముందు ఇంకో కంటైనర్, ఈసారి ఏ డెవ్ ప్యాకేజీ లేని ఖాళీది తెరిచి, బైనరీని అందులో కాపీ చేసి ఎల్‌డీడీ కొట్టండి. మీ లాప్‌టాప్‌లో అన్నీ దొరుకుతయి, నాట్ ఫౌండ్ బయటపడేది అక్కడనే.